చందా అడిగితే మొహం చాటేస్తున్నారు... సంఘాన్ని మూసేయాలా?

ప్రశ్న: మేడమ్, నేను కోస్తాలో ఒక డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌ని. మా జిల్లా లైబ్రేరియన్ల సంఘానికి కార్యదర్శిని కూడా. మా పెద్దలు ఎంతో కష్టపడి పెట్టిన సంఘం ఇది. రిజిస్టరులో 180 మందికి పైగా శాశ్వత సభ్యులు ఉన్నారు. మొన్నటి సర్వసభ్య సమావేశానికి పదహారు మంది వచ్చారు. వాళ్లలో సగానికి పైగా రిటైరైనవాళ్లే. కోరం లేదని గంటసేపు వాయిదా వేసి, అదే హాల్లో మళ్లీ మొదలుపెట్టాం. రెండేళ్లలో కొత్తగా చేరినవాళ్లు ముగ్గురు. మా వాట్సాప్ గ్రూపులో మాత్రం నాలుగు వందల మంది ఉన్నారు. రాత్రి పదింటికి లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహాలో ఏదో సందేహం అని పెడితే పది నిమిషాల్లో జవాబులు వస్తాయి. అదే గ్రూపులో సభ్యత్వం గురించి రాస్తే ఒక్కరూ పలకరు. ఒకతను ‘చేరితే నాకేంటి సార్’ అని మొహం మీదే అడిగాడు. ఈ తరానికి సేవాభావం లేదా? ఫీజు తగ్గిస్తే చేరతారా? లైబ్రరీ అనే మాట పాతబడింది, ఇన్ఫర్మేషన్ అని చేర్చి పేరు మార్చాలని కొందరు అంటున్నారు. లేకపోతే గౌరవంగా మూసేయడమే మంచిదా? – ఒక జిల్లా సంఘం కార్యదర్శి

జవాబు: కార్యదర్శి గారూ,

‘నాకేంటి సార్’ అన్న మాట మిమ్మల్ని నొప్పించిందని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. కానీ ఆ కుర్రాడు అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి మీ దగ్గర వెంటనే చెప్పడానికి జవాబు లేకపోయింది. ఉత్తరంలో ఉన్న బాధంతా అక్కడే ఉందని నాకు అనిపించింది. కాబట్టి సేవాభావం సంగతి ముందు తేల్చేద్దాం. రాత్రి పదింటికి, తనకు ఏ లాభమూ లేకుండా, ఎవరో ఊరూ పేరూ తెలియని కాలేజీలో కోహా ఎందుకు తెరుచుకోవడం లేదో ఓపిగ్గా విడమరిచి చెబుతున్న మనిషికి సేవాభావం లేదని ఎలా అంటాం? అది ఉంది. మీ సంఘం దాకా రావడం లేదు, అంతే. ఎందుకు రావడం లేదో చూడాలి.

ఇది మీ ఒక్క జిల్లా సమస్య కాదని కూడా ముందే చెప్పాలి. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 1876లో ఫిలడెల్ఫియాలో పుట్టింది, ప్రపంచంలో అంత పాత సంఘం, అంత పెద్ద సంఘం మన వృత్తిలో ఇంకోటి లేదు. ఇరవై ఏళ్ల కిందట అరవై వేలు దాటిన దాని సభ్యత్వం కోవిడ్ తర్వాత యాభై వేల దగ్గరికి దిగింది. వాళ్లు ఏటా జనవరిలో జరుపుకునే శీతాకాల సమావేశాలు ఆపేసి, వాటి బదులు 2022లో లిబ్‌లెర్న్‌ఎక్స్ అని కొత్త సదస్సు మొదలుపెట్టారు. అదీ నిలవలేదు, 2025 జనవరిలో ఫీనిక్స్‌లో ఆఖరుసారి జరిగింది. బ్రిటన్‌లో 2002లో రెండు పాత సంఘాలు కలిసి సీలిప్ అయ్యాయి. ఆ కలిసిన నాటితో పోలిస్తే సభ్యులు సగానికి సగం తగ్గారు. అక్కడ 2010 తర్వాత ప్రభుత్వం ఖర్చులు కోసేసి వందల లైబ్రరీలు మూసేస్తే, ఉద్యోగమే పోయినవాళ్లు సభ్యత్వం ఎక్కడ కడతారు? మీకు పేరు మార్చమని సలహా ఇచ్చినవాళ్లకు అక్కడిదే ఇంకో సంగతి చెప్పండి. సీలిప్ కూడా పేరు మార్చుకుందామని 2013లో సభ్యుల ముందు పెట్టింది. సభ్యులు ఓటేసి తిప్పికొట్టారు. పేరు గురించి నెలల తరబడి వాదించుకున్నాక మిగిలింది పాత పేరే. మీరు ఆ పనికి మాత్రం పూనుకోకండి. కొత్త లెటర్‌హెడ్, కొత్త స్టాంపు, రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరగడం, అయినా చేరేవాళ్లు చేరరు.

అయితే వాళ్లకూ మనకూ ఒక తేడా ఉంది. అక్కడ చందా ఏటా కట్టాలి. కట్టనివాడి పేరు ఆ ఏడే జాబితాలోంచి పోతుంది. కాబట్టి ఎంతమంది తగ్గారో ఏటికేడు కళ్లకు కనబడుతుంది. మన దగ్గర చాలా సంఘాలు శాశ్వత సభ్యత్వం అని ఒక్కసారి డబ్బు తీసుకుని ఊరుకున్నాయి. అప్పట్లో ఆ డబ్బు అవసరమై ఉంటుంది, హాలు అద్దెకో, వార్షికోత్సవానికో ఖర్చయి ఉంటుంది. ఆ తర్వాత ఆ సభ్యుణ్ని మళ్లీ పలకరించాల్సిన పనే సంఘానికి లేకుండా పోయింది. ఏటా చందా అడిగే మనిషి ఏటా ఒక మాట వినాలి కూడా. ‘పోయినేడు ఏం చేశారండీ’ అని అవతలివాడు అడుగుతాడు. ఆ మాట వినే అవకాశం శాశ్వత సభ్యత్వంతో పోయింది. మీ 180 కూడా అలాంటి అంకే అని నా అనుమానం.

అందుకని మొదటి పని రిజిస్టరుతో మొదలుపెట్టండి. మీ సంఘంలో అందరినీ ఎరిగిన పెద్దాయన ఒకరు ఉండే ఉంటారు, ప్రతి సంఘంలోనూ ఉంటారు. ఒక ఆదివారం ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి పేజీ నుంచి ఒక్కో పేరూ చదవండి. ‘ఈయన పోయి చాలా ఏళ్లయింది. ఈవిడ కొడుకు దగ్గరికి బెంగళూరు వెళ్లిపోయింది. ఈయన వీఆర్‌ఎస్ తీసుకుని చిట్‌ఫండ్ కంపెనీలో చేరాడు. ఈ అబ్బాయి మన జిల్లానే కానీ, బదిలీ మీద పక్క జిల్లాకు...’ ఇలా ఆయన చెబుతూ పోతారు. పోయినవాళ్ల పేర్లు కొట్టేయకండి, పక్కన పెన్సిల్‌తో రాసి ఉంచండి. వాళ్ల పేర్లు సంఘం చరిత్ర. మిగిలిన వాళ్లకు ఫోన్లు చేయండి. జిల్లాలో ఉండి, ఇప్పటికీ ఏదో ఒక లైబ్రరీతో సంబంధం ఉన్నవాళ్లు డెబ్బై మంది తేలారనుకుందాం. అప్పుడు మీరు 180లో పదహారు మంది వచ్చిన సంఘం కాదు, డెబ్బైలో పదహారు మంది వచ్చిన సంఘం. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. కోరం కోసం గంట వాయిదా వేసి మళ్లీ అదే కుర్చీల్లో కూర్చునే పద్ధతి కూడా అప్పుడు పోతుంది. ఎలాగంటే, బైలాల్లో ‘క్రియాశీల సభ్యులు’ అని ఒక తరగతి పెట్టి, కోరం వాళ్ల మీదే లెక్క కట్టేలా సర్వసభ్య సమావేశంలో సవరణ చేసుకోవచ్చు. సవరణ కాగితాలు రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేసేటప్పుడు, ఏటా ఇవ్వాల్సిన కార్యవర్గం జాబితాలు ఎన్నేళ్లవి బాకీ ఉన్నాయో అది కూడా చూసుకోండి. చాలా సంఘాలు పేరుకు బతికే ఉంటాయి కానీ, ఆ కాగితాలు ఏళ్ల తరబడి ఇవ్వక ఏదైనా అర్జీ పెట్టేటప్పుడు ఇబ్బంది పడతాయి.

ఇక జనం ఎందుకు దూరమయ్యారు అన్నది. ఇందులో కొన్ని కారణాలు చిన్నవి, ఒకటి చాలా పెద్దది.

చిన్నవాటిలో ఒకటి మీ కాలేజీవాళ్లకు సంబంధించింది. యూజీసీ 2010 నిబంధనల్లో ప్రమోషన్లకు ఏపీఐ అని పనితీరును లెక్కగట్టే పాయింట్లు ఉండేవి గుర్తుందా? వృత్తి అభివృద్ధి అన్న పద్దు కింద సెమినార్లు, శిక్షణలతో పాటు సంఘాల సభ్యత్వం కూడా లెక్కలోకి వచ్చేది. అప్పట్లో రసీదు కోసమే చేరినవాళ్లు చాలామంది. 2018 నిబంధనలతో ప్రమోషన్లకు ఆ పాయింట్ల పద్ధతి తీసేశారు. రసీదు అవసరం తీరింది, మనుషులు రావడం మానేశారు. వాళ్లను తప్పుపట్టాల్సిన పని లేదు, వాళ్లు మొదటి నుంచీ ఫైలు కోసం వచ్చినవాళ్లే. రెండోది, ఒకప్పుడు కొత్త జీవో ఏం వచ్చిందో, ఎక్కడ సెమినార్ ఉందో, ఏ కాలేజీలో ఖాళీ ఉందో సంఘం మీటింగుకు వస్తేనే తెలిసేది. ఇప్పుడు జీవో సంతకం తడి ఆరకముందే ఫోన్‌లోకి వచ్చేస్తోంది. సమాచారం పంచడమే సంఘం పని అనుకుంటే, ఆ పని వేరేవాళ్లు తీసేసుకున్నారు, పైగా ఉచితంగా చేస్తున్నారు. మూడోది, స్కేలు పోరాటం. సంఘాలు కొట్లాడి తెచ్చిన స్కేలు చందా కట్టనివాడికీ వస్తుంది. అది ఎప్పుడూ ఉన్నదే, ఏ సంఘమూ దాన్నుంచి తప్పించుకోలేదు.

పెద్ద కారణం చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. దేశంలో ఈ తరహా సంఘాల్లో ఇదే మొదటిది. అఖిల భారత స్థాయిలో ఇండియన్ లైబ్రరీ అసోసియేషన్ 1933లో గానీ రాలేదు. బెజవాడ సంఘం వెనకున్న అయ్యంకి వెంకటరమణయ్య గారు గానీ, తర్వాత దశాబ్దాల పాటు దాన్ని మోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు, పాతూరి నాగభూషణం గారు గానీ, ఎవరూ లైబ్రేరియన్ జీతం మీద బతికినవాళ్లు కారు. ఆ సభ్యుల్లో ఎక్కువమంది అంతే. ఊళ్లలో గ్రంథాలయం లేదు, ఉండాలి, పెట్టాలి అన్నదే వాళ్ల పని. గ్రంథాలయ యాత్రలని ఊరూరా తిరిగారు. కాలువల మీద పడవల్లో పుస్తకాలు పంపారు. పత్రిక నడిపారు, శిక్షణ తరగతులు పెట్టారు, చట్టం కావాలని అడుగుతూనే వచ్చారు. 1919 నవంబరు 14న మద్రాసులో అయ్యంకి గారు పూనుకుని జరిపిన అఖిల భారత సభ గుర్తుగానే ఈ రోజుకీ మనం జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు నవంబరు 14న మొదలుపెడుతున్నాం.

చివరికి వాళ్లు అడిగింది దక్కింది. 1948లో మద్రాసు చట్టం, 1955లో హైదరాబాదు చట్టం, రెండు ప్రాంతాలూ కలిశాక 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చాయి. జిల్లా గ్రంథాలయ సంస్థలు వచ్చాయి, ఇంటి పన్ను మీద గ్రంథాలయ సెస్సు వచ్చింది, ఉద్యోగాలు వచ్చాయి. అంటే సంఘం గెలిచింది. గెలిచాక దానికి పని తగ్గింది. ఊళ్లో లైబ్రరీ పెట్టడం ఇప్పుడు ప్రభుత్వం పని. ఉద్యోగులకు మిగిలిన పని తమ స్కేలు, తమ ప్రమోషన్లు, తమ బదిలీలు చూసుకోవడం. అలా మెల్లగా ప్రజల సంఘాలు ఉద్యోగుల సంఘాలయ్యాయి. అప్పుడైనా పర్వాలేదు, పర్మనెంటు ఉద్యోగులు బోలెడంతమంది ఉన్నారు కాబట్టి సంఘం నడిచింది. తర్వాత రిటైరైనవాళ్ల కుర్చీలు ఖాళీగానే ఉండిపోయాయి, లేకపోతే ఔట్‌సోర్సింగ్ మీద ఎవరినో పెట్టారు. పర్మనెంటు ఉద్యోగుల కోసం కట్టుకున్న ఇంట్లో పర్మనెంటు ఉద్యోగులే కరువయ్యారు.

మీ సమావేశానికి ఎక్కువగా రిటైరైనవాళ్లే ఎందుకు వచ్చారో ఇప్పుడు ఆలోచించండి. మీ జిల్లాలో ఇవాళ లైబ్రరీ తలుపు తాళం తీస్తున్నది ఎవరు? గ్రామీణ గ్రంథాలయంలో పార్ట్‌టైమ్ మీద ఉన్నావిడ. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో లైబ్రరీ సైన్స్ పీజీ (ఎంఎల్‌ఐఎస్సీ) చదివి, ఇన్‌స్పెక్షన్ కమిటీ వచ్చినప్పుడు మాత్రం ‘మా లైబ్రేరియన్’ అని ముందు నిలబెట్టే కుర్రాడు, మిగతా రోజుల్లో అడ్మిషన్ల కౌంటర్లో కూర్చునేదీ అతనే. కార్పొరేట్ స్కూల్లో పుస్తకాల అలమరా చూస్తూ మధ్యాహ్నం సబ్‌స్టిట్యూట్ క్లాసులకు పోయే అమ్మాయి. జీతం ఏ తేదీన పడుతుందో తెలియదు, పీఎఫ్ కడుతున్నారో లేదో తెలియదు, వచ్చే జూన్‌లో ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. వాళ్ల టెన్షన్ అది. వాళ్ల దగ్గరికి మనం వెళ్లి ‘పీఆర్సీ ఫిట్‌మెంట్ మీద తీర్మానం చేస్తున్నాం, రండి’ అంటే ఎందుకు వస్తారు? ‘నాకేంటి సార్’ అంటే అర్థం ఇదే. మీ అజెండాలో తన పేరు ఎక్కడా లేదని చెబుతున్నాడు.

మీ బైలాలు నేను చూడలేదు గానీ, చాలా జిల్లా సంఘాల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్లకు ‘అసోసియేట్ సభ్యులు’ అని పేరు పెట్టి ఓటు లేకుండా చేశారు. మీ దగ్గరా అలాగే ఉంటే ఈ ఏడే మార్చండి. ఓటు, పోటీ చేసే హక్కు రెండూ ఇవ్వండి. కార్యవర్గంలో రెండు స్థానాలు వాళ్లకే అని రాసుకోండి. ఫీజు గురించి అడిగారు కదా, తగ్గించడం కన్నా పద్ధతి మార్చడం ముఖ్యం. శాశ్వత సభ్యత్వం కొత్తగా ఇవ్వడం ఆపేయండి. ఏడాదికి రెండు వందలో మూడు వందలో పెట్టండి, కాంట్రాక్టు వాళ్లకు అందులో సగం. ఉచితం మాత్రం చేయకండి. వంద రూపాయలైనా ఇచ్చినవాడికి లెక్క అడిగే హక్కు ఉంటుంది, వాడు లెక్క అడగాలి. పాత శాశ్వత సభ్యులను మళ్లీ చందా కట్టమని బలవంతపెట్టలేం, మాట ఇచ్చి డబ్బు తీసుకున్నాం. ఇష్టమైతే ఏటా విరాళంగా అంతే ఇమ్మని అడగండి. రిటైరైన పెద్దలు చాలామంది ఇస్తారు, వాళ్లకు ఆ సంఘమంటే ప్రాణం.

ఇప్పుడు అసలు సంగతి. సంఘం చేతిలో ఒక పని ఉండాలి. ఒక్కడివల్ల కానిది, వాట్సాప్ గ్రూపు వల్ల కానిది అయి ఉండాలి. గ్రూపు మీద నాకు ఏ కోపమూ లేదు, అది మంచి రచ్చబండ. అక్కడ సందేహాలు తీరతాయి, మాటలు కలుస్తాయి. కానీ రచ్చబండ అర్జీ మీద సంతకం పెట్టదు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లి వరసలో నిలబడి, అర్జీ ఇచ్చి, రసీదు తీసుకుని, రెండు వారాలయ్యాక ‘ఆ ఫైలు ఏమైందండీ’ అని అడిగే మనిషి సంఘం తరఫునే వెళ్లాలి.

మీకు ఒక పని నేను చెబుతాను. నా అభిప్రాయంలో ఇంతకన్నా మంచి పని మీ జిల్లాలో ఇప్పుడు లేదు. అది గ్రంథాలయ సెస్సు.

ఇంటి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున ప్రతి ఇల్లూ గ్రంథాలయ సెస్సు కడుతోంది. రెండు వేల పన్ను కట్టే ఇంటివాళ్లు 160 రూపాయలు లైబ్రరీ కోసం ఇస్తున్నారు. వాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు. ఆ డబ్బు మునిసిపాలిటీ, పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలవుతోంది, జమ మాత్రం సరిగ్గా కావడం లేదు, బకాయిలు పేరుకుపోతున్నాయని ఏళ్లుగా పేపర్లలో వస్తూనే ఉంది. లైబ్రరీలో కొత్త పుస్తకాలు ఎందుకు లేవు, పేపర్ బిల్లు ఎందుకు బాకీ పడింది, పార్ట్‌టైమ్ వాళ్ల జీతం ఎందుకు ఆలస్యమైంది అంటే, చాలా జవాబులు ఈ బకాయి దగ్గరే ఆగుతాయి. ఇది ఉద్యోగి సమస్య, పాఠకుడి సమస్య, పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల సమస్య. అందరిదీ ఒక్కటే.

దీనికి సమాచార హక్కు చట్టం చాలు. ఎలా చేయాలో కాస్త వివరంగా చెబుతాను. అర్జీ సంఘం లెటర్‌హెడ్ మీద పెట్టకండి. చట్టం ‘పౌరుడు’ అంటుంది కాబట్టి సంఘం పేరున పెడితే తిరగ్గొట్టడానికి సాకు దొరుకుతుంది. మామూలు తెల్లకాగితం మీద, ఒక వ్యక్తి పేరున, ఇంటి చిరునామాతో పెట్టాలి. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు భయం ఉండొచ్చు. అక్కడే మీ రిటైరైన పెద్దలు పనికొస్తారు. వాళ్లకు బదిలీ బెదిరింపు లేదు, సమయం ఉంది, ఆఫీసు భాష తెలుసు. ఒక్కొక్కరికి ఒక్కో మునిసిపాలిటీ అప్పజెప్పండి. ఫీజు జిల్లా స్థాయి ఆఫీసుల్లో పది రూపాయలు, మండల స్థాయిలో ఐదు, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. ప్రశ్నలు మూడే పెట్టండి. గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో, ఒక్కో ఏడాదికి విడివిడిగా, ఇంటి పన్నుతో పాటు వసూలైన గ్రంథాలయ సెస్సు ఎంత? అందులో జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేసింది ఎంత, ఏ తేదీల్లో? ఇంకా జమ చేయాల్సింది ఎంత? అంతకు మించి ‘ఎందుకు జమ చేయలేదు’ లాంటివి రాయకండి. ‘ఎందుకు’ అని అడిగితే అది రికార్డులో ఉన్న సమాచారం కాదని పక్కన పెట్టేస్తారు. అవే ప్రశ్నలు జిల్లా గ్రంథాలయ సంస్థకు కూడా పెట్టండి, వాళ్ల లెక్కా వీళ్ల లెక్కా పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఇంకో ముప్పై రోజుల్లోపు అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు.

జవాబులన్నీ వచ్చాక ఒకే కాగితం మీద పట్టికగా వేయండి. ఊరి పేరు, వసూలైంది, జమ అయింది, బాకీ. ఆ కాగితాన్ని ఇప్పుడు సంఘం లెటర్‌హెడ్ మీద కలెక్టర్‌కి, మీ ఎమ్మెల్యేకి, జిల్లా విలేకరులకు ఇవ్వండి. వాట్సాప్ గ్రూపులోనూ పెట్టండి. ఆ నాలుగు వందల మందిలో ఎవరి ఊరి బాకీ ఎంతో వాళ్లు చూసుకుంటారు. సభ్యత్వం గురించి మీరు మెసేజ్ పెట్టాల్సింది ఆ రోజు, అంతకుముందు కాదు.

ఇది చేస్తే బకాయిలన్నీ వచ్చేస్తాయని నేను చెప్పను. కొంత వస్తుంది, కొంత రాదు. కానీ ఒక పార్ట్‌టైమ్ లైబ్రేరియన్ తన జీతం ఎందుకు ఆగిందో మొదటిసారి అంకెల్లో చూస్తుంది. ఆ అంకె తెచ్చింది ఎవరు అని అడుగుతుంది.

ఇంకో పని కూడా ఉంది, ఇది మీ కాలేజీలకు. 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ మొదలైంది. మూడేళ్లకు ఆరు వేల కోట్ల రూపాయలు పెట్టి, ముప్పై మంది పెద్ద ప్రచురణకర్తల దాదాపు పదమూడు వేల జర్నల్స్ ప్రభుత్వ విద్యాసంస్థలకు అందిస్తున్నారు. మీ జిల్లాలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలు ఎన్ని దాన్ని నిజంగా వాడుతున్నాయో ఒకసారి కనుక్కోండి. లాగిన్ తెచ్చుకోవడం, అధ్యాపకులకు చూపించడం, ఇదంతా ఒక పూట పని. తెలిసినవాళ్లు మీ గ్రూపులోనే ఉన్నారు. వాళ్లలో ఒకరిని పిలిచి ఒక శనివారం ఏదో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చోబెట్టండి. ఉపన్యాసాలు, శాలువాలు, దీపప్రజ్వలన ఏమీ వద్దు. వచ్చినవాళ్లు తమ కాలేజీ లాగిన్‌తో ఇంటికి వెళ్లాలి. ప్రైవేటు కాలేజీలకు ఈ పథకం వర్తించదు. వాళ్ల లైబ్రేరియన్లను కూడా పిలిచి, కాలేజీలకు ఈ-పుస్తకాలు, ఈ-జర్నల్స్ అందించే ఎన్‌లిస్ట్ పథకంలో అర్హత ఉన్న కాలేజీలు చేరడం ఎలాగో అదే రోజు చూపించండి. మన సంఘాల కార్యక్రమాల్లో వేదిక మీద కూర్చునేవాళ్లు ఎక్కువ, కింద కూర్చున్నవాళ్లకు చేతికొచ్చేది తక్కువ. కుర్రవాళ్లు రాకపోవడానికి ఇదీ ఒక కారణమని నాకు గట్టి నమ్మకం. ఆదివారం సగం రోజు పోగొట్టుకుని, అతిథుల పరిచయాలు విని, భోజనం చేసి వెళ్లడానికి ఎవరికి మాత్రం తీరిక ఉంది?

అమెరికా సంఘం గురించి ఇంకొక్క మాట. అంతమంది సభ్యులు తగ్గినా, 2025 మార్చిలో అక్కడి అధ్యక్షుడు లైబ్రరీలకు, మ్యూజియాలకు నిధులిచ్చే కేంద్ర సంస్థను కుదించమని ఆదేశం ఇస్తే, ఏప్రిల్‌లో కోర్టుకు వెళ్లినవాళ్లలో ఆ సంఘం ఉంది. ప్రభుత్వ ఉద్యోగుల యూనియన్‌ను పక్కన కలుపుకుని వెళ్లింది. ఒక లైబ్రేరియన్ ఒంటరిగా ఆ పని చేయలేడు. రేపు మీ జిల్లాలో ఒక శాఖా గ్రంథాలయం భవనాన్ని ఇంకో ఆఫీసుకు ఇచ్చేస్తామంటే ఎవరు వెళ్లి అడుగుతారు? నాలుగు వందల మంది గ్రూపులో ఏడుపు బొమ్మలు పెడతారు, అది సహజం. కాగితం పట్టుకుని వెళ్లడానికి మాత్రం రిజిస్టర్డ్ సంఘం, దానికొక కార్యదర్శి కావాలి. అందుకే మూసేయమని నేను చెప్పలేను.

కానీ ఎల్లకాలం ఇలాగే ఈదమని కూడా చెప్పను. మీ ఉత్తరంలో అలసట ఉంది, అది నాకు అర్థమైంది. నాలుగు ఉద్యోగాల పని ఒక్కరే చేస్తూ, ఇంటి నుంచి డబ్బు పెట్టుకుని, మీటింగు రోజున కుర్చీలు కూడా మీరే వేస్తూ ఉండి ఉంటారు. ఒక గడువు పెట్టుకోండి. రాబోయే రెండు గ్రంథాలయ వారోత్సవాల దాకా. మొదటి వారోత్సవానికి సెస్సు పట్టిక బయటికి రావాలి. రెండోదానికి కార్యవర్గంలో నలభై ఏళ్లలోపు వాళ్లు కనీసం ఇద్దరు ఉండాలి, వాళ్లలో ఒకరు కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు అయి ఉండాలి. సంయుక్త కార్యదర్శి పదవి ఇచ్చి ఊరుకోకుండా, బ్యాంకు ఖాతా మీద సంతకం చేసే అధికారం కూడా ఇవ్వండి. సంతకం లేని పదవికి ఎవరూ ఎక్కువకాలం నిలబడరు.

అప్పటికీ ఎవరూ ముందుకు రాకపోతే, రాష్ట్ర స్థాయి సంఘంలో జిల్లా శాఖగా కలిసిపోయే దారి చూడండి. అదీ కుదరకపోతే చట్టప్రకారం రద్దు చేసుకోవడంలో తప్పు లేదు. ఉన్న నిధిని బైలాల్లో రాసిన ప్రకారం ఇలాంటి పనే చేసే ఇంకో సంస్థకు అప్పజెప్పండి. మినిట్స్ పుస్తకాలు, పాత సావనీర్లు, ఫొటోలు మాత్రం ఎవరి ఇంట్లోనూ ఉంచకండి. మీ జిల్లా కేంద్ర గ్రంథాలయానికో, దగ్గరి యూనివర్సిటీ లైబ్రరీకో జాబితా రాసి, సంతకం తీసుకుని ఇవ్వండి. లైబ్రేరియన్ల సంఘం కాగితాలు చెదలు పట్టిపోయాయని ఎవరూ అనే అవకాశం ఇవ్వకూడదు.

ప్రస్తుతానికి ఆ ‘నాకేంటి సార్’ అన్న అబ్బాయికి ఫోన్ చేయండి. సభ్యత్వం ఊసెత్తొద్దు. అతని లైబ్రరీ ఏ మునిసిపాలిటీ పరిధిలో ఉందో అడిగి, సెస్సు అర్జీల పట్టిక కంప్యూటర్లో వేసిపెట్టే పని అతనికి అప్పజెప్పండి. మీరు రాసిన తీరు చూస్తే మనసులో మాట దాచుకునే రకంలా లేడు, ఇలాంటి పనికి అలాంటివాడే కావాలి. మునిసిపాలిటీల నుంచి జవాబులు వచ్చాక ఆ పట్టిక నాకూ ఒక కాపీ పంపండి. అర్జీకి ‘సమాచారం లేదు’ అని రాస్తే ఆ జవాబు కూడా పంపండి, మొదటి అప్పీలు ఎలా రాయాలో ఇదే శీర్షికలో చెబుతాను.